సన్యాసమ్మ ఒంట్లో ఒక పొయ్యి

నేను ఒక పొయ్యిని. మట్టిపొయ్యిని కాను. సన్యాసమ్మ కాలేయంలో, కంటికి ఆనని ఒక కణంలో ఉంటాను. చదువుకున్నవాళ్లు నన్ను మైటోకాండ్రియా అంటారు. ఆమె తిన్న మెతుకుల సారం నా దగ్గరికి వస్తే, దాన్ని మండించి సత్తువ చేస్తాను.

నన్ను ఏ కుమ్మరీ చెయ్యలేదు. మా పెద్దది ఒకటి సాగి రెండుగా విడిపోతే, అందులో ఒక సగాన్ని నేను. మా వంశం తల్లి వైపు నుంచే నడుస్తుంది. సన్యాసమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది, సన్యాసమ్మ తన కూతురు గౌరికి ఇచ్చింది. తండ్రి ఇంటిపేరు చెప్పుకుని మురిసే మనుషులకు ఈ సంగతి అంతగా పట్టదు.

కొన్నాళ్లుగా నా గోడలు బీటలు వారాయి. నాలోంచి ఎగిరే నిప్పురవ్వలు పక్కవాటిని కాలుస్తున్నాయి. విప్పెయ్యవలసినదని కణం నాకు గుర్తు వేసింది. నాలోది ఏమైనా మిగులుతుందా అన్నదొక్కటే నా దిగులు.

ఆ రోజు కార్తీక సోమవారం. చుక్క పొడిచేదాకా సన్యాసమ్మ ఏమీ తినదు. పాతవాటిని విప్పి వాడుకోవడం మా కణానికి రోజూ ఉన్న పనే. బయటి నుంచి తిండి రాని పూట అది మరీ జోరందుకుంటుంది. ఆమె ఉపవాసం అనుకుంటోంది కానీ, లోపల మా వంట ఆగలేదు.

గౌరి పురిటికి వచ్చి ఉంది. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లేదాకా కొత్త బట్ట తగలకూడదని వాళ్ల ఆనవాయితీ. అందుకే పాత చీరలతో బొంత కుట్టాలి. పెట్టెలోంచి తీసిన తన తల్లి చీర ఒళ్లో పెట్టుకుని, కత్తెర పట్టుకుని సన్యాసమ్మ ఆగిపోయింది.

"ఏటే అమ్మా, పొద్దున్నించి అలగే సూస్తన్నావు? నాకు నొప్పులొచ్చీదాకా సూస్తావేటి?" అంది గౌరి.

"మీ అమ్మమ్మది ఇదొక్కటే ఉందే. సింపీసినాక ఇంకేటి మిగుల్తాది?"

"పెట్టిలో ఉంటే ఎలకలకి మిగుల్తాది."

సన్యాసమ్మకు నవ్వు వచ్చింది. "అచ్చం మీ అమ్మమ్మ నోరే వచ్చినాది నీకు," అంటూ కత్తెర వేసింది.

అదే వేళకు నా చుట్టూ పలచని పొర ఒకటి లేచింది. అదీ బొంతలాగే రెండు మడతలు. మెల్లగా నన్ను చుట్టి మూతి మూసుకుంది. పుల్లటి రసాల సంచి ఒకటి వచ్చి దానితో కలిసింది. నా కుట్లన్నీ ఊడిపోయాయి. నొప్పి ఉంటుందనుకున్నాను, లేదు.

నా ముక్కలు కొన్ని కొత్త పొయ్యి గోడలోకి చేరాయి. కొన్ని చక్కెరగా మారి నెత్తుట్లో కలిసి ఎటో వెళ్లాయి. ఇప్పుడు 'నేను' అంటే వీటిలో ఏదో నాకే తెలియదు.

"సుక్క పొడిసినాది. లేయే, తిను," అంది గౌరి.

"ఈ కుట్టు అవనీయే," అంది సన్యాసమ్మ, సూది ఆపకుండా.

పొద్దుటి నుంచి మెతుకు ఎరగని ఆ చేతికి అంత ఓపిక ఎక్కడిదో ఆమె అడగలేదు.