రెండు వారాలు ఆగమన్న పన్ను

మా నాన్న జోగులుతో నిన్నటి దాకా నెల రోజులు నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడాలి? అమ్మ దవడను చేతులారా పోగొట్టినవాడాయన.

అమ్మకు షుగరు వచ్చి ఎనిమిదేళ్లు. అడ్డపొగ అంతకంటే పాతది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, హాడో బజారులో చేపలమ్ముతూనే కాలుస్తుంది. శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చిన మా ఆడవాళ్లకు అదో అలవాటు. చిగుళ్ల నుంచి నెత్తురొస్తే, "పొగెడితే అదే తగ్గిపోతాది" అనేది. కింది పన్ను కదిలి గంజి కూడా దిగనప్పుడు, నేనే పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

షుగరు మూడు వందల అరవై. డాక్టరమ్మ హిందీలో నాకు విడమరిచి చెప్పింది. షుగరు దిగకుండా పన్ను తీస్తే పుండు మానదు, చీము ఎముకకు పట్టవచ్చు. మందులు వాడాలి, చుట్ట మానాలి, మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి. రెండు వారాల తర్వాత చూసి తీస్తానంది. అమ్మకు వచ్చిన హిందీ చేపల బేరానికే సరిపోతుంది.

ఆ సాయంత్రమే ఫీనిక్స్ బే రేవులో నా ఓడ. ఉత్తరాన ఇంకో దీవిలో ఉన్న డిగ్లీపూర్ బడిలో టీచర్ని. సంచి సర్దుకుంటూ నాన్నతో ఒక్క ముక్క అన్నాను.

"రెండు వారాలు పోయాక రమ్మన్నారు."

"ఆళ్లకేటి, ఊరికే తిప్పుతారు" అన్నాడు.

నాలుగో రోజు అమ్మ నొప్పికి తల గోడకేసి కొట్టుకుంటుంటే, నాన్న పంటికి గాలపు దారం కట్టి లాగేశాడు. వేటకెళ్లే పడవలో ఎవరికి పన్ను నొప్పొచ్చినా ఆయనే పీకుతాడు. గుంటలో చుట్ట నుసి అద్దాడు. నేను తిరిగొచ్చేసరికి అమ్మకు మెడ దాకా వాపు. ఎముక కుళ్లిందని ఆసుపత్రిలో ఎడమవైపు కింది దవడ తీసేశారు.

ముక్కులో గొట్టంతో పడుకుని, అమ్మ ఇప్పటికీ చుట్ట కోసం సైగ చేస్తుంది. పట్టుకోవడానికి పెదవులు కలవవు.

నిన్న ఆసుపత్రిలో పెద్ద డాక్టరు జరిగిందంతా నాన్నకు హిందీలో చెప్పాడు. నాన్నకు హిందీ బాగా వచ్చు. విని, వరండాలో నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"షుగరుంటే పీకకూడదని ఆ దినమే సెప్పిందా డాక్టరమ్మ?"

"చెప్పింది."

"మరి నాకు సెప్పలేదేటే మంజూ? సెప్తే నాను పీకుదునా?"

ఆయన గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఓడకు టైమైపోయింది నాన్నా, అందామనుకున్నాను.

ఆ రోజు ఓడకు ఇంకా రెండు గంటలుంది.