బర్రె తొట్టిలో బాలామృతం

మా అత్త కట్టమ్మ కేసముద్రంలో ఉన్న కూతురి దగ్గరికి పోయి నాలుగు రోజులైంది. అందుకని ఆ ఉదయం బర్రె కుడితి తొట్టి కడిగే పని నా నెత్తిన పడింది. పదిహేనేళ్ల కాపురంలో ఆ ఇంట్లో నేను చెయ్యని పని అదొక్కటే. "నీ చెయ్యి తగిల్తే బర్రె పాలు చేపదు" అని అత్త నన్ను కొట్టం దరిదాపులకు రానిచ్చేది కాదు. పోనీలే, ఒక్క పనైనా తప్పిందని నేనూ సంబరపడ్డాను. చీపురుపుల్లలతో తొట్టి అడుగు గీరుతుంటే మెత్తటి మడ్డి చేతికి తగిలింది. వాసన చూశాను. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర.

పదకొండేళ్లుగా మా ఊరి అంగన్‌వాడీ టీచర్‌ని నేను. ఆ వాసన నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బాలామృతం. ఏడు నెలలు నిండిన పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా నెలకో ప్యాకెట్ చొప్పున ప్రభుత్వం ఇచ్చే పిండి. ఊళ్లో ఎవరైనా దాన్ని పశువులకు పెట్టారని తెలిస్తే వాళ్ల వాకిట్లోకి పోయి లొల్లి చేసినదాన్ని. పసిపిల్లల నోటికాడి ముద్ద బర్రెకు పెడతారా, సిగ్గు లేదా అని అరిచినదాన్ని. నా నోరంటే ఊరంతా భయం. అదే ఊరంతా మా ఇంటి పాలు చిక్కగా ఉంటాయని చెంబులు పట్టుకుని వరుస కట్టేది. అత్త చేతి మహిమ అనుకున్నాం అందరం.

నా భర్త రాంచందర్ అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మడ్డి పిడికిట్లో పట్టుకుపోయి అతని ముందు చెయ్యి తెరిచాను.

"గిది ఎప్పటిసంది?"

అతను ఒకసారి చూసి మళ్లీ చాయ్ ఊదుకున్నాడు. "ఏడెనిమిది నెలలైతది. నెలకు ఒక్క ప్యాకెటే. అమ్మనే అడిగింది. సర్కారుది, ఎవని బాపు సొమ్మని గింత పరేషానయితున్నవ్?"

"ఎవరి ప్యాకెటు?"

"గా మనీషా ఉన్నది గదా, గంగారం దిక్కునుంచి వచ్చిన కోడలు పిల్ల. వచ్చే నెల రా అంటే నోరు తెరవకుంట పోతది."

అక్కడే అరుగు మెట్టు మీద కూర్చున్నాను. మనీషా కూతురు అమూల్యకు పద్నాలుగు నెలలు. పోయిన నెల తూకానికి వేలాడదీస్తే పిల్ల ఏడు కిలోలు కూడా తూగలేదు. పదిమంది తల్లుల ముందు "బాలామృతం పిల్లకు వెడ్తున్నవా, నువ్వే బుక్కుతున్నవా?" అని అడిగాను. మనీషా ఏదో చెప్పబోయింది. "ముందు సంతకం వెట్టు, ఎనుక లైనున్నది" అని రిజిస్టర్‌లో గడి చూపించాను. పెట్టింది. ఆమె తలెత్తితే కదా నేను ముఖం చూసేది, అని ఇప్పుడు నాకు నేను చెప్పుకోవచ్చు గానీ, నిజానికి తలెత్తనిది నేనే. పిల్ల కార్డు మీద ఎర్ర పెన్నుతో "తల్లి నిర్లక్ష్యం" అని రాశాను. రాస్తున్నప్పుడు నా పని నేను గట్టిగా చేస్తున్నానని తృప్తి కూడా పడ్డాను. ఆ కార్డు పట్టుకుని మనీషా అత్త ఇల్లిల్లూ తిరిగింది. గురువారం తల్లుల మీటింగులో అందరి ముందూ తేల్చి, పిల్లను తమ దగ్గరే ఉంచుకుని మనీషాను పుట్టింటికి తోలేస్తామని చెప్పుకుంటోంది. ఆ గురువారం ఇవాళే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో దొంగకు ఈశ్వరుడి భయమే అక్కర్లేదు, తాళంచెవి నేనే ఇచ్చాను. సెంటర్ పైకప్పు కారుతుందని సరుకంతా మా వెనక అర్రలో దింపించింది నేను. నెలనెలా మండలంలో మీటింగు ఉన్నరోజు "జర నువ్వు పంచు" అని అతనికి చెప్పిపోయింది నేను. సాయంత్రం వచ్చేసరికి "అందరికి ఇచ్చిన, టిక్కులు వెట్టుకో" అనేవాడు. సెంటర్‌లో ముప్ఫై మందికి అన్నం, గుడ్లు, ఫోన్లో ఫొటోలు, ఇంటికొస్తే మళ్లీ పొయ్యి, అంట్లు, అత్తకు వేడినీళ్లు. ఆ అలసటలో మొగుడు ఒక్క పని అందుకున్నాడంటే చాలు, మహాభాగ్యం అనుకుని టిక్కులు పెట్టేశాను. మరునాడు తల్లుల చేత సంతకాలు తీసుకున్నాను. అతను చేసింది దొంగతనమే. కానీ ఆ రిజిస్టర్ మీద ఉన్నది అతని పేరు కాదు.

లేచి చేతులు కడుక్కుని ఆయా అండాలుకు ఫోన్ చేశాను. అర్రలో మిగిలిన సరుకంతా తీసి, ఇద్దరం నెత్తిన పెట్టుకుని నడివీధిలోంచి సెంటర్‌కు మూడుసార్లు మోశాం. "ఏందక్కా, మళ్ల గాడికే?" అని అండాలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఇంకో పెట్టె ఎత్తుకుంది.

చీర మార్చుకుంటుంటే రాంచందర్ లోపలికొచ్చాడు. గొంతు మెత్తబడింది. "ఇగో యమునా, నోరు మూసుకుంటే నాలుగు దినాలల్ల అందరు మర్సిపోతరు. నౌకరి పోతే ఎట్ల? బండి కిస్తీ ఎవలు కడ్తరు?" పదకొండేళ్లు దాన్ని "పోరగాళ్ల మూతులు తుడిసే పని" అన్న మనిషి. పోతుందన్నప్పుడు గానీ అది అతని నోట నౌకరి కాలేదు. ఆ క్షణంలో నాకు నవ్వొచ్చింది, నిజంగానే. కొప్పు బిగించుకుని బయటికి నడిచాను.

మీటింగుకు పాతికమంది దాకా వచ్చారు. మూలన మనీషా, ఒళ్లో పిల్ల. సూపర్‌వైజర్ మేడం కుర్చీలో కూర్చోకముందే మనీషా అత్త కార్డు పైకెత్తింది. "నేను రాసిన్నా మేడం? టీచరే రాసింది సూడుండ్రి. కన్నబిడ్డకు తిండి వెట్టని తల్లి మాకెందుకు?"

నేను మేడం పక్కకు పోయి జరిగింది చెప్పాను. మంచిదే ఆవిడ. నా చెవిలో, "తడిసి పాడైనయని రాద్దాం యమునా, మీ ఇంటాయన పేరెందుకు, నీ పేరెందుకు" అంది. అలా రాస్తే నా నౌకరి ఉంటుంది. వానను పిలిచి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. మనీషా మాత్రం తిండిపెట్టని తల్లిగానే బస్సెక్కుతుంది.

రిజిస్టర్ తెరిచి, నిలబడే రాశాను. రాసి పైకి చదివాను.

"మనీషా బిడ్డ అమూల్యకు ఏడు నెలలుగా బాలామృతం అందలేదు. ప్యాకెట్లు తీసింది రాంచందర్, టీచర్ భర్త. వాటిని మా ఇంటి బర్రెకు పెట్టినం. అందినయో లేదో చూడకుండ సంతకాలు తీసుకున్నది నేను, యమున, అంగన్‌వాడీ టీచర్‌ని. తల్లి నిర్లక్ష్యం అని నేను రాసింది అబద్ధం. నిర్లక్ష్యం నాది. ఏడు ప్యాకెట్ల ఖరీదు మేమే కడ్తం."

మనీషా అత్త చేతిలోంచి కార్డు తీసుకుని ఎర్ర అక్షరాలు కొట్టేసి, కింద సంతకం పెట్టాను. మెమో వస్తుంది, తెలుసు. అంతకంటే పెద్దదే రావచ్చు. తప్పు ఒప్పుకుంటూ గర్వపడడమేంటని మీరనుకుంటారేమో. పడ్డాను. ఈ ఊళ్లో ఇన్నేళ్లు నేను రాంచందర్ పెండ్లాన్ని. ఇవాళ సర్కారు కాగితం మీద అతను టీచర్ భర్త. నా తప్పు నాది, అతని తప్పు అతనిది అని విడదీసి రాసుకోవడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో రాసేదాన్ని. మూలకు పోయి మనీషా ముందు కూర్చున్నాను. "నిన్ను పదిమందిల అన్న, పదిమందిల్నే మాఫ్ చెయ్యమని అడుగుతున్న బిడ్డా" అన్నాను.

మనీషా అత్త చీర కొంగు సర్దుకుంటూ గోడకేసి చూస్తోంది. వెనకే వచ్చినట్టున్నాడు, గేటు దగ్గర రాంచందర్ తలవంచుకుని నిలబడ్డాడు. మనీషా పిల్లను ఒళ్లోంచి భుజం మీదికి ఎత్తుకుని లేచి నిలబడింది. ఆమె గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదటిసారి.

"టీచర్, ఇంకొక్కపారి సదువుండ్రి. మా అత్తకు జర చెవుడు."

మళ్లీ చదివాను, గేటు దాకా వినబడేటట్టు.