ఫెయిర్ గడిలో టిక్కు

చేతితొడుగులు తయారుచేసే ఆ కర్మాగారంలో ఫ్రెంచి వచ్చిన మనిషి ఒక్కతే ఉండేది. ఇరవై రెండేళ్లు బడిలో ఆ భాష నేర్పింది. నేర్చుకునే పిల్లలు తగ్గిపోయి బడివాళ్లు తరగతే ఎత్తేస్తే, ఇక్కడ ఉత్తరాలు రాసే పనిలో చేరింది. అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు. ఫ్రెంచి వ్యాకరణం ఆమెకు కొట్టిన పిండి. కానీ ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడింది మాత్రం ఎన్నడూ లేదు. ఉద్యోగంలో చేరిన రోజు ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

చేరిన నాలుగో నెలలో ఫ్రెంచి వ్యాపారి ఒకామె సరుకు చూడటానికి వచ్చింది. శాంపిళ్ల గదిలో పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రెండు జతలు పెట్టారు. మొదటి జత కత్తిరించింది తోలు మేస్త్రి, అక్కడ అందరూ మామ అని పిలిచే పెద్దాయన. ఆయన ముప్పై ఏళ్లుగా తోలు కోస్తున్నాడు. ఎటు లాగితే ఎంత సాగుతుందో బొటనవేలితో నొక్కి చూసి చెప్పగలడు. రెండో జత యజమాని అల్లుడిది. అతను డిజైను చదువు ముగించుకుని ఏడాది క్రితమే వచ్చాడు. అచ్చు పెట్టి యంత్రంతో కోస్తే సగం రోజులో వంద జతలు లేస్తాయన్నది అతని ధీమా.

టీచరమ్మ చేతిలో ఒక ఫారం ఉంది. అంతకుముందు వచ్చిన కొనుగోలుదారులంతా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే కాబట్టి ఆ ఫారం ఇంగ్లీషులోనే ఉండేది. ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్, పూర్ అని నాలుగు గడులు. వచ్చినవాళ్లు ఎంత మాట్లాడినా చివరికి వాటిలో ఒక గడిలో టిక్కు పడాలి. యజమాని ఆ టిక్కు తప్ప ఇంకేదీ చదవడు.

ఫ్రెంచామె మామ చేసిన జత తొడుక్కుంది. వేళ్లు మడిచింది, చాచింది, కిటికీ దగ్గరికి వెళ్లి బొటనవేలి కుట్టు చూసుకుంది. "పా మాల్" అంది. ఇంకాసేపు తియ్యకుండా అలాగే ఉంచుకుంది. తర్వాత అల్లుడుగారి జత తొడిగి, వెంటనే తీసి బల్ల మీద పెట్టింది. "పా తెరీబ్ల్" అంది.

టీచరమ్మ మాటకు మాట పేర్చి చూసుకుంది. పా మాల్ అంటే చెడ్డగా లేదు. చెడ్డగా లేనిదాన్ని గుడ్ అని ఎలా అంటాం? ఫెయిర్. పా తెరీబ్ల్ అంటే ఘోరంగా లేదు. ఇక్కడ ఆమె కాస్త తడబడింది. కానీ పక్కనే నిలబడ్డ అల్లుడుగారు ఆశగా తన కలం వైపే చూస్తున్నాడు. ఘోరం కాదంటే బాగున్నట్టే కదా అనుకుని గుడ్ గడిలో టిక్కు పెట్టింది. ఫ్రెంచామె మొదటి జతను ఎంతసేపు ఉంచుకుందో, రెండోదాన్ని ఎంత త్వరగా తీసేసిందో టీచరమ్మ కళ్లారా చూసింది. చూసి కూడా మాటనే నమ్మింది.

మర్నాడు యజమాని మేస్త్రి మామను పిలిపించాడు.

"మామా, నీ పనికి వంక పెట్టేవాడు లేడు. కానీ వాళ్లకి కొత్త రకమే నచ్చింది. కొన్నాళ్లు అస్తరు గుడ్డ కోసిపెట్టు."

"అలాగే బాబూ" అన్నాడు మామ. తన కత్తెరను మెత్తటి తోలుముక్కలో చుట్టి సొరుగులో పెట్టి, గుడ్డ కోసే కత్తెర అడిగి తీసుకున్నాడు. తోలు విభాగంలో అందరూ ఆ పూట తలెత్తకుండా పనిచేశారు.

నెలన్నర తిరిగేసరికి ఫ్రెంచామెకు పంపిన అల్లుడుగారి రకం ముప్పై జతలూ పెట్టెతో సహా వెనక్కి వచ్చాయి. పైన ఒక ఉత్తరం. యజమాని బయటికి వెళ్లాడు, సాయంత్రానికిగానీ రాడు. టీచరమ్మ శాంపిళ్ల గదిలో నిలబడే చదివింది.

"ఆ రోజు మొదటి జత నాకు ఎంతో నచ్చింది. నచ్చిందనీ చెప్పాను. రెండోది ఏమంత బాగోలేదనీ చెప్పాను. మరి రెండోదాన్నే ఎందుకు పంపారు?"

ఆమె మళ్లీ చదివింది. సందేహానికి చోటే లేదు. పొగడ్తను కిందికి దించిందీ, పెదవి విరుపును పైకి ఎక్కించిందీ తన చేతి కలమే.

ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వదినకు చెప్పింది. వదిన ఆసుపత్రిలో నర్సు, నాన్చే రకం కాదు.

"ఆ ఉత్తరం చదవగలిగేది ఇంకెవరు?"

"ఎవరూ లేరు."

"మరింకేం? దారిలో పెట్టె తడిసిందట అని చెప్పెయ్. ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుంటావా?"

"నేనూ అదే అనుకున్నాను వదినా. గేటు దగ్గరి దాకా అదే అనుకుంటూ వచ్చాను."

వదిన ఆమె ముఖంలోకి చూసి, "సరే, నీ ఇష్టం. ముందు తిను" అంది.

తిరిగి వెళ్లి ఆమె నేరుగా అస్తరు గదికి నడిచింది. మామ అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని గుడ్డ మీద సుద్దగీత గీస్తున్నాడు.

"మామా, ఒకటి అడుగుతాను. మీ చేతికింది వాళ్ల పని బాగుంటే మీరు ఏమంటారు?"

"ఊఁ అంటాను."

"బాగోకపోతే?"

"అప్పుడూ ఊఁ అనే అంటాను. కానీ అది వేరే ఊఁ. వాళ్లకి తెలిసిపోతుందిలే."

"నాకు తెలియలేదు మామా." ఆమె ఉత్తరం చదివి ఉన్నదున్నట్టు చెప్పింది. తను ఏ గడిలో టిక్కు పెట్టిందీ చెప్పింది. మామ గీసిన సుద్దగీతను వేలితో తుడిచేశాడు.

"అంటే, ఆమెకు నచ్చిందన్నమాట."

"నచ్చింది."

"బొటనవేలు చూసుంటుంది" అన్నాడాయన. "అక్కడ అరంగుళం తోలు ఎక్కువ వదిలాను. ఎవరికీ అక్కర్లేదనుకున్నా." తర్వాత గొంతు సవరించుకుని, "నలభై అయిదు రోజులు గుడ్డ కోశానమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు, అలాగని మెత్తగానూ అనలేదు.

సాయంత్రం యజమాని ముందు ఉత్తరం పెట్టి, ఒక్క మాట దాచకుండా తెలుగులో చెప్పింది. అల్లుడుగారు అక్కడే ఉన్నాడు. అతని ముఖం చిన్నబోయింది. ఆమె ఆఖరున ఉద్యోగం మానేస్తానంది.

యజమాని ఉత్తరం మడిచి ఆమె చేతికిచ్చాడు. "మీరు మానేస్తే దీనికి జవాబు ఎవరు రాస్తారు టీచరమ్మా? ముందు అది రాయండి. తప్పు మాదేనని రాయండి. తరువాత ఇంకో పని. వాళ్లు మెచ్చుకునే మాటలన్నీ ఒక కాగితం మీద పెట్టండి. ఇంగ్లీషు ఒక పక్క, ఫ్రెంచి ఒక పక్క. ఏ మాటకి ఎంత బరువో తెలియాలి నాకు."

ఆమె ఈసారి పుస్తకాలు తెరవలేదు. ఫ్రెంచామెకే ఫోను చేసి ఒక్కో మాటా అడిగింది. వెరీ గుడ్‌కి ట్రే బియాఁ, పర్ఫెక్ట్‌కి పర్ఫే. ఇవి పేచీ లేనివి. సె బోఁ అంటే బాగుందని కావచ్చు, ఇక చాలు ఆపమని కూడా కావచ్చు. పా మాల్‌కి ఎదురుగా మొదట నాట్ బ్యాడ్ అని రాసి, కొట్టేసి, రియల్లీ గుడ్ అని రాసి, పక్కన "అనే మనిషిని బట్టి" అని చేర్చింది. పా తెరీబ్ల్ దగ్గర నాట్ గ్రేట్ అని రాసి, కింద గీత గీసింది.

యజమాని జాబితా అంతా చదివాడు. "మరి ఇంటరెస్టింగ్ ఏదీ? కిందటేడు ఇంగ్లీషు ఆయన ప్రతి జతకీ ఇంటరెస్టింగ్, ఇంటరెస్టింగ్ అని వెళ్లాడు. మళ్లీ జాడే లేదు. అదీ రాయండి."

అది కూడా రాసి గోడకు అంటించారు.

మామ తోలు బల్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. అల్లుడుగారు వారం రోజులు ముభావంగా తిరిగాడు. తర్వాత ఒకరోజు ముక్కాలిపీట లాక్కుని మామ పక్కన కూర్చున్నాడు. ఆ అరంగుళం ఎందుకు వదిలారో చూపించమని అడిగాడు. మామ చూపించాడు. టీచరమ్మతో మామ మునుపటిలాగే మాట్లాడేవాడుగానీ, కాస్త తక్కువగా మాట్లాడేవాడు. ఆమె దాన్ని పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఇంట్లో వదినకు మాత్రం చెప్పుకుంది.

వానలు వెనకబట్టాక ఫ్రెంచామె మళ్లీ వచ్చింది. మామ చేసిన కొత్త జత తొడుక్కుని, వేళ్లు కదిపి, గడగడా ఏదో చెప్పింది. అందులో జాబితాలో ఉన్న మాట ఒక్కటీ లేదు. యజమాని గోడ వైపు చూశాడు, టీచరమ్మ వైపు చూశాడు. ఆమె కలం మూత తియ్యలేదు. ఫ్రెంచామెనే సూటిగా అడిగింది.

"అమ్మా, నాకు అర్థమైంది సరైనదో కాదో తెలియడం లేదు. ఇవి కొంటారా, కొనరా?"

ఫ్రెంచామె నవ్వింది. "కొంటాను. మూడు వందల జతలు."

టీచరమ్మ అది తెలుగులో చెప్పింది. యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మామ లోపలికి ఒక అడుగు వేసి, "ఎప్పటికి కావాలటమ్మా?" అని అడిగాడు.