కారంపూడిలో ఏ అక్షరం

మధ్యాహ్నం రెండున్నరకు ఫర్హీన్ కళ్ళు మండుతున్నాయి. ఉదయం ఎనిమిదింటికి తెరిచిన ల్యాప్‌టాప్ ఇంకా మూయలేదు. పెళ్ళై ఇరవై మూడు రోజులు. గోళ్ళ దగ్గర గోరింటాకు సగం చెరిగి, సగం మిగిలి ఉంది. కీబోర్డు మీద ఆ ఎర్రటి చివరలు చూసుకుంటే ఇంత అలసటలోనూ ఆమెకు చిన్న నవ్వొస్తుంది.

సంగతి ఇది. బెల్లంకొండలో, బొల్లాపల్లిలో, కారంపూడిలో మిర్చి నిలవ చేసే మూడు కోల్డ్ స్టోరేజీలున్నాయి. లోపల ఎంత చల్లగా ఉందో పది నిమిషాలకోసారి నెట్‌లో పంపే పెట్టెలు వాటికి బిగిస్తున్నారు. ఆ కబురు అందుకోవడానికి క్లౌడ్‌లో ఒక్కో ఊరికి దాని పేరుతోనే ఒక్కో చిరునామా తెరవాలి. దాన్నే హెచ్‌టీటీపీ ఎండ్‌పాయింట్ అంటారు. తెరవాల్సింది ఫర్హీన్. ఐదు గంటలకల్లా మూడూ పనిచేస్తే ఆమె నరసరావుపేటలోనే, అత్తగారింట్లోనే కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు. లేదంటే సోమవారం హైదరాబాదు ఆఫీసుకి వెళ్ళి రెండు నెలలు అక్కడే ఉండాలి. మేనేజర్ అమర్‌నాథ్ ఈ మాట మెత్తగానే చెప్పాడు, కానీ రెండుసార్లు చెప్పాడు.

పొద్దున మూడు పెట్టెలకూ 401 వచ్చింది. అంటే, నువ్వెవరో నాకు తెలియదు పొమ్మని. పాస్‌వర్డు సరిచేసింది. తర్వాత 403. అంటే, తెలుసు కానీ లోపలికి రానివ్వనని. ఒక గడిలో ఉన్న టిక్కు తీసేసింది. మార్చిన ప్రతిసారీ ఆ మార్పును క్లౌడ్‌లోకి ఎక్కించే డిప్లాయ్ నొక్కి, గిర్రున తిరిగే చక్రం వైపు చూస్తూ కూర్చోవడమే. పదకొండింటికి బెల్లంకొండ పలికింది, ఒంటిగంటకు బొల్లాపల్లి. కారంపూడి పెట్టె మాత్రం 404 అంటోందని అక్కడి టెక్నీషియన్ మెసేజ్ పెట్టాడు. అలాంటి చిరునామానే లేదట.

"ఉంది కదా," అంది ఫర్హీన్ తెరతో. స్టార్టెడ్ అని పచ్చగా కనిపిస్తోంది కూడా.

అత్త హజ్రా బీ సపోటా ముక్కలు పళ్ళెంలో తెచ్చి పక్కన పెట్టింది. "తినమ్మా. పొద్దున్నుంచి దాన్నే చూస్తా ఉన్నావు. అది నిన్ను చూస్తందా?"

"లేదత్తా."

"మరింకేం."

సపోటా తియ్యగా ఉంది. అది నోట్లో కరిగినంతసేపు ఫర్హీన్‌కి ఉద్యోగం గుర్తు రాలేదు. తర్వాత మళ్ళీ వచ్చింది. నాలుగు గంటల దాకా తన వైపు ఉన్న ప్రతి గడీ వెతికింది. తప్పేమీ దొరకలేదు. పెట్టె పంపింది చిరునామా దాకా రావడమే లేదు కాబట్టి లోపల దాని జాడ కూడా లేదు.

ఇక కారంపూడిలో పెట్టె బిగిస్తున్న టెక్నీషియన్ తేజకు ఫోన్ చేసింది. అతను కొట్టిన చిరునామా ఫొటో తీసి పంపమంది. పంపాడు. ఎండ పడి తెర మొత్తం తెల్లగా మెరుస్తోంది.

"తేజ గారూ, ఊరి పేరు ఎట్లా కొట్టారు?"

"కారంపూడని కొట్టా మేడం. ఇంకెట్లా కొడతాం?"

"అక్షరం అక్షరం చెప్పండి."

"కే, ఏ, ఆర్..." అక్కడ లారీ హారన్ మోగి మిగతాది వినపడలేదు.

"ఆర్ తర్వాత ఏ అక్షరం?"

"ఏ అక్షరం."

"అదే, ఏ అక్షరమని అడుగుతున్నా."

"ఏ అక్షరమే మేడం."

ఫర్హీన్ నుదురు పట్టుకుంది. "ఏ అక్షరమో చెప్పకుండా ఏ అక్షరం అంటారేంటండీ?"

"చెప్తానే ఉన్నా గదా మేడం. ఏ."

వంటింట్లోంచి హజ్రా బీ గొంతు వచ్చింది. "ఏందమ్మా అది, ఏ, ఏ అని మేకల్ని తోలుతున్నట్టు?"

అప్పుడు వెలిగింది ఫర్హీన్‌కి. "ఆపిల్‌లో ఏ నా, ఎలిఫెంట్‌లో ఈ నా?"

"ఆపిల్ మేడం. కారం అంటే ఆపిల్లో ఏ నే గదా. ఈ పెడితే కారెం అవుద్ది."

సర్కారు కాగితాల్లో మండలం పేరు ఎలిఫెంట్‌లో ఈ తోనే ఉంది. ఫర్హీన్ అందులో చూసే కొట్టింది. తేజ నోటితో పలికినట్టు కొట్టాడు. ఇద్దరిదీ తప్పు కాదు. ఆ ఊరికి ఇంగ్లీషులో రెండు పేర్లున్నాయి, అంతే.

"మీరు మార్చగలరా?"

"పెట్టెకు సీలేశా మేడం. ఇప్పాలంటే కంపెనీవాళ్ళు రావాల. వచ్చే వారం."

నాలుగూ నలభై. అమర్‌నాథ్‌ని అడిగి చేసేంత సమయం లేదు. ఫర్హీన్ ఉన్నదాన్ని కాపీ చేసి, ఒక్క అక్షరం మార్చి, రెండో చిరునామా తెరిచింది. చక్రం తిరిగింది. పది నిమిషాలకోసారి పలికే పెట్టె కోసం గోడకు ఆనుకుని కూర్చుంది. నాలుగూ యాభై రెండుకు 200 వచ్చింది. అంటే, అందిందని. కారంపూడిలో ఆరు డిగ్రీల చల్లదనం.

ఐదుంపావుకి అమర్‌నాథ్ ఫోన్. "కారంపూడివి రెండున్నాయేంటమ్మా?"

"ఒకటి కాగితంలో ఉన్నది సార్, ఒకటి ఊళ్ళో పలికేది. అడక్కుండా చేశాను. ఐదు దాటుతుందని."

"ఇంకోసారి అడుగు. ఎందుకు రెండున్నాయో డాక్యుమెంట్‌లో రాసిపెట్టు. సోమవారం రానక్కర్లేదులే."

ఎగిరి గంతేయాలని ఉంది. రాయాల్సిన రెండు వాక్యాలూ రాసి, చాప మీద ఒరిగింది. షాపులో ఉన్న భర్త షాకిర్‌కి చెబుదామని ఫోన్ తీసింది. అతని పేరు నొక్కేలోపే నిద్ర పట్టేసింది.