మిల్లీగ్రాము సారు చెప్పిన మూడు

బజార్లో దుకాణదారులంతా ఆయన్ని చాటుగా మిల్లీగ్రాము సారు అనేవాళ్లు. తూనికలూ కొలతల శాఖలో ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేసి, తక్కెడ కింద అయస్కాంతం అంటించినవాణ్ణీ, తూకం రాయి అడుగు గీకినవాణ్ణీ ఒక్కణ్ణి కూడా వదల్లేదు. ఇంట్లో వాడే సబ్బు రెండు గ్రాములు తక్కువుందని కంపెనీకి ఉత్తరం రాసిన ఘనుడు. అలాంటి మనిషి కట్టుకున్న దానికి తప్పుడు లెక్క చెబుతాడని ఆయన భార్య కలలో కూడా అనుకోలేదు.

లెక్క అంటే నొప్పి లెక్క. కేన్సర్ ఎముకల్లోకి పాకింది, ఇక నయం చేసే వైద్యం లేదు, బాధ లేకుండా చూసుకోవడమే మిగిలింది అని చెప్పి డాక్టరు ఆయన్ని ఇంటికి పంపేశాడు. వారం వారం ఇంటికొచ్చే నర్సు ఒక నోటుపుస్తకం ఇచ్చింది. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే భరించలేనట్టు. పూటపూటా అడిగి రాయాలి. ఐదు దాటితే ఫోన్ చేయాలి, మార్ఫిన్ మోతాదు పెంచుతారు. పదకొండు వారాలుగా ఆమె అడుగుతూనే ఉంది. ఆయన "మూడు" అనేవాడు. హుషారుగా ఉంటే "రెండు." ఫోన్ చేసే అవసరమే రాలేదు.

ఆ మూడును నమ్ముకునే ఆమె రోజూ సాయంత్రం ఐదింటికి ఆయన చంకల కింద చేతులు వేసి లేపి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టేది. కింద వీధిలో పళ్ల బండివాడు తూస్తుంటే ఆయన తొంగి చూసి, "ముల్లు కుడికి లాగుతోందే, వాడికి చెప్పిరా" అనేవాడు. "ఇంకా ఎందుకండీ మీకా గొడవ" అని ఆమె నవ్వేది. రోజు మొత్తంలో ఆమె బతికేది ఆ ఒక్క గంటే.

ఆ బుధవారం మధ్యాహ్నం కొత్త నర్సు వచ్చింది. పాతావిడ నొప్పి సంగతి భార్యాభర్తలిద్దరినీ కలిపే అడిగేది. ఈవిడ పుస్తకం తిరగేసి, వరసగా ఉన్న మూడులూ రెండులూ చూసి, "అమ్మా, ఒక పది నిమిషాలు బయట కూర్చుంటారా" అంది. ఆమెకు ఒళ్లు మండింది. నా మొగుడితో మాట్లాడటానికి నన్ను పొమ్మనడానికి ఈవిడెవరు? వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

నర్సు వచ్చి పక్కన నిలబడింది.

"ఎనిమిది అన్నారమ్మా. రెండు నెలలుగా ఎనిమిదికి తగ్గలేదట. కుర్చీలోకి లేపేటప్పుడు పది. మీకు చెప్పొద్దని బతిమాలారు. కానీ మందు పోసేది మీరు, మీకు చెప్పకపోతే ఎలా?"

"ఆయన అబద్ధం ఆడరు."

"చాలామంది ఇంట్లోవాళ్ల ముందు తగ్గించే చెబుతారమ్మా. అందుకే విడిగా అడగాలి. మొదట్లోనే అడగాల్సింది. అది మా తప్పు."

కంచే చేను మేసింది. ఎవరైనా పరాయివాడు మోసం చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేది. తను నవ్విన ఆ సాయంత్రాలన్నీ ఆయన పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. లేపింది తన చేతులే. ఆమె ఆ తడి చేతుల్ని చీరకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

నర్సు డాక్టరుతో మాట్లాడి, మోతాదు పెంచి, మొదటిసారి తనే తాగించింది. గంటలో తేడా తెలుస్తుందనీ, అప్పుడు ఫోన్ చేయమనీ చెప్పి వెళ్లింది. ఆమె మంచం కాళ్ల వైపు నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ఒకసారి ఏడు అన్నాను. రెండు రోజులు నువ్వు అన్నం ముట్టలేదు."

"నా కడుపు, నా ఇష్టం. మిమ్మల్నెవరు అడిగారు?"

"కుర్చీ దగ్గర నవ్వేదానివి" అన్నాడాయన, గోడ వైపు చూస్తూ.

"మీకు పది అని తెలిస్తే నవ్వేదాన్నా? నా చేతులతోనే మిమ్మల్ని హింస పెట్టించారు. ముల్లు జరిపాడని అప్పట్లో ఒక పళ్లవాడి బండి మూయించారే, మరి మిమ్మల్నేం చేయాలి?"

తన మీద ప్రేమతోనే ఆయన అలా చేశాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. ప్రేమతో తూచినా తక్కువ తూకం తక్కువే. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాట మీద ఆమె ఏనాడూ రెండో లెక్క వేసుకోలేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే అనుకుంది. మనిషి ఇంకో నెల ఉంటాడో లేదో తెలియదు, కోపం తీరేదాకా కోప్పడటానికి కూడా వ్యవధి లేదు.

ఐదైంది. ఆమె కుర్చీ జోలికి పోలేదు. ఆయన నుదుటి మీద ముడత విడినట్టే ఉంది. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది.

"ఎంత?"

"రెండు" అన్నాడు. ఆమె రాయకపోవడం చూసి, "నిజంగానే. నీ మీద ఒట్టు" అన్నాడు.

అదే గొంతు, అదే మొహం. పదకొండు వారాల రెండులన్నీ ఇలాగే ఉన్నాయి. ఆమె ఆయన కళ్లలోకి చాలాసేపు చూసింది. ఏమీ తేలలేదు. పెన్ను మూసి, ఫోన్ తీసి నర్సుకు కలిపింది.

"ఆయన్ని మీరే అడగండి సిస్టర్" అని చెప్పి, ఫోన్ ఆయన చెవి దగ్గర దిండు మీద పెట్టింది. బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆ మాటలు తనకు వినపడకుండా వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పింది.