జారిపోయిన గీత

క్రేన్ డ్రైవర్‌కి ఇద్దరి మీద అనుమానం. ఒకరు భార్య, ఇంకొకరు ఆమె తమ్ముడు.

ఆ తమ్ముడు అతని దగ్గరే సిగ్నల్‌మ్యాన్. కింద నిలబడి వాకీటాకీలో "ఎత్తు బావా, దించు బావా" అంటాడు. నలభై మీటర్ల పైన గాజు గదిలో కూర్చుని ఇతను ఎత్తుతాడు, దించుతాడు. ఒక్కో బరువు దిగగానే ఎవరి పుస్తకంలో వాళ్ళు ఒక గీత గీసుకోవాలి. సాయంత్రానికి రెండు పుస్తకాల్లో గీతలు సరిపోవాలి. ఏళ్ళ తరబడి సరిపోయాయి. ఈ మూడు నెలలుగా మాత్రం బామ్మర్ది పుస్తకంలో రోజూ మూడో నాలుగో ఎక్కువ ఉంటున్నాయి.

వాడికి క్రేన్ లైసెన్సు వచ్చి ఏడాదయింది. పైన సీటు చూస్తే ఒక్కటే. తన లెక్క తప్పుతోందని చూపించి అది లాక్కోవాలని వాడి ఎత్తు, ఇక అర్థం కానిదేముంది? ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, తను పట్టేశానని డ్రైవర్ మురిసిపోయాడు.

అప్పుడే భార్య మొదలుపెట్టింది. "గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తున్నారు. గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాను. అన్నం ముందు కూడా కునుకే! తమ్ముడు నిద్ర క్లినిక్ ఒకటి చూశాడు, వెళ్ళిరండి."

తమ్ముడు చూశాడట! వెళ్ళకపోతే భయపడ్డాడంటారు. అందుకని వెళ్ళి, రాత్రంతా కన్ను మూయకుండా ఉండి, నిద్రే పోనివాడికి నిద్ర జబ్బేమిటని నిలదీయాలనుకున్నాడు. మహా తెలివి!

క్లినిక్‌లో టెక్నీషియన్ అమ్మాయి తలకి తీగలు అంటించింది. ముక్కు కింద గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టింది.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయమ్మా?"

"పక్కగదిలో కంప్యూటర్‌కి సార్."

"అక్కడ మీ ఇష్టమొచ్చింది రాసుకుంటారన్నమాట."

ఆమె నవ్వింది. ఆ నవ్వూ అతనికి నచ్చలేదు. దిండు పక్కన కాగితం, పెన్ను పెట్టుకున్నాడు. ఎదురుగా గోడ గడియారం ఉంది. పది నిమిషాలకో గీత గీస్తే, పది నుంచి ఐదు దాకా నలభై రెండు గీతలు.

తెల్లారి అమ్మాయి లైటు వేసి "లేవండి సార్" అంది.

"పడుకుంటేగా లేవడానికి!" అన్నాడు. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు.

డాక్టరమ్మ రిపోర్టు తెచ్చింది. "ఐదున్నర గంటలు నిద్రపోయారు. గంటకి నలభై సార్లు ఊపిరి ఆగింది. ఆగినప్పుడల్లా మెదడు మిమ్మల్ని లేపుతోంది, అది మీకు తెలియట్లేదు. పగలు కునుకు పట్టినా తెలియదు. చేతులు మాత్రం అలవాటైన పని చేసుకుపోతాయి. ముక్కులోకి గాలి పంపే మాస్కు పెట్టుకుని పడుకుంటే తగ్గుతుంది."

"మా బామ్మర్ది మీకు చుట్టమా?" అంటూ కాగితం తీసిచ్చాడు. "నలభై రెండు గీతలు. లెక్కపెట్టుకోండి."

ఆమె చూసి కాగితం తిరిగి అతని చేతికే ఇచ్చింది. నిటారుగా ఏడు గీతలున్నాయి. ఎనిమిదోది వంకరపోయి కాగితం అంచుదాకా జారింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ జారుడు గీత అతనికి కొత్త కాదు. అలాంటివి తన పుస్తకంలో ఈమధ్య పేజీకి రెండైనా ఉంటున్నాయి, పెన్ను బాగోలేదని మూడుసార్లు మార్చాడు కూడా. మరి అసలు పడని గీతలో? ఆ బరువులూ తనే ఎత్తాడు, తనే దించాడు, ఒళ్ళు తెలియకుండా.

బయట బామ్మర్ది ఎదురుచూస్తున్నాడు. "ఏమన్నారు బావా?"

"నేను పైన పలక్కపోతే ఏం చేసేవాడివిరా?"

"మళ్ళీ మళ్ళీ పిలిచేవాణ్ణి. మనుషులందర్నీ అవతలికి పంపేసేవాణ్ణి."

"అందర్నీ పంపేస్తే కొక్కెం విప్పిందెవరు?"

బామ్మర్ది తల దించుకున్నాడు. "నేనే."

"ఆ బరువు కింద నిలబడా? ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"చెబితే సీటు కోసమే అంటావని, బావా."

డ్రైవర్ జేబులోంచి క్రేన్ గది తాళంచెవి తీసి బామ్మర్ది చేతిలో పెట్టి, వాడు వద్దంటున్నా వేళ్ళు మూశాడు.