ముందు చక్రం

"జర గట్టిగ పట్టుకోవే, ఊగుతాంది," అన్నాడు ఎల్లేశం.

ఆండాళు గట్టిగా పట్టుకుంది. పానా వెతికి మొగుడి చేతికిచ్చింది కూడా తనే. అతను విప్పుతున్నది ఆమె తొక్కే సైకిల్ ముందు చక్రం. రాట్నం చక్రం విరిగింది, మగ్గానికేమో నూలు చుట్టిన కండెలు కావాలి. సైకిల్ రిమ్ముకు తాడు తగిలిస్తే రాట్నం తిరుగుతుంది. మోత్కూరు పద్మశాలీల ఇళ్లల్లో ఇది కొత్తేం కాదు. టైరు తీసి మేకుకు తగిలించి ఎల్లేశం నవ్వాడు. "సైకిలే కావాలంటివి గద, కూసోని తిప్పు."

ఆమె కూర్చొని తిప్పింది.

సైకిల్ బిడ్డ వర్షితది. చదువుకని బిడ్డ నల్గొండ హాస్టల్‌కు పోయాక గోడకానుకుని తుప్పు పడుతుండేది. నేసేది ఎల్లేశం, కాబట్టి నేతగాడన్న పేరు అతనిది. పొద్దంతా నేలమీద కూర్చొని కండెలు చుట్టే ఆండాళుకు పేరూ లేదు, కూలీ లేదు. వచ్చింది షుగరొక్కటే. మోకాళ్లు పట్టేశాయి. బట్టలారేయడానికి మిద్దె మెట్లెక్కితే గుండె దడదడలాడేది. "ఏం పని చేస్తవమ్మా?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగితే, "ఏం చెయ్య మేడం, ఇంట్లనే ఉంట" అంది. తన నోటితో తానే అంది. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సైకిల్ తొక్కమంది డాక్టరమ్మే. పెద్దమనిషి అయ్యేదాకా తొక్కిన కాళ్లే కదా, ఆండాళు తెల్లవారకముందే సైకిల్‌ను బడి గ్రౌండ్‌కు తీసుకుపోయింది. మొదటిరోజు ఒక్క చుట్టుకే ఊపిరి అందలేదు. చీర చైనులో ఇరుక్కొని బోర్లాపడింది. మర్నాడు బిడ్డ పాత పంజాబీ డ్రెస్సు తొడుక్కుంది. పోనుపోను, దిగి నెట్టుకుపోయే ఎత్తును దిగకుండా ఎక్కింది. షుగర్ తగ్గింది, నిద్ర పట్టింది. తొడలు గట్టిపడ్డాయి. ఒకరోజు తడిబట్టల బకెట్‌తో మిద్దె మీదికి వచ్చేశాక, ఆయాసం రాలేదని గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకుంది. ఇంత బలం ఇన్నేళ్లు ఎక్కడ ముడుచుకొని కూర్చుంది?

అంతలో చాయ్ హోటల్ దగ్గర ఎవడో అన్నాడట, "ఏం ఎల్లేశం, వదిన పోలీసు సెలక్షన్లకు పోతాందా?" ఎల్లేశం ఇంటికొచ్చి అరిచాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్. గా పిక్కలు ఎవనికి సూపియ్యనీకి?" ఒక్కమాటతో ఆమె ఒళ్లంతా సిగ్గుతో చచ్చిపోయింది. వంటింట్లోకి పోయి పైజామా అంచు చీలమండల కిందికి లాక్కుంది. ఆ తర్వాత సైకిల్ ముట్టలేదు. చక్రం విప్పుతుంటే ఊగకుండా పట్టుకుంది.

ఆ చలికాలమంతా రాట్నం తిప్పింది. ఈరోజు బకెట్ ఎత్తుకొని సగం మెట్లెక్కేసరికి ఊపిరాడక అక్కడే కూలబడింది. కిందినుంచి ఎల్లేశం, "ఏందే, గప్పుడే ముసల్దానివైనవా? కండెలు ఒడిసినయ్, జల్ది దిగు!"

మెట్టు మీద రొప్పుతూ కూర్చున్న ఆండాళుకు సిగ్గేసింది. పిక్కలు కనబడ్డందుకు కాదు. పానా వెతికిచ్చినందుకు.

బకెట్ అక్కడే వదిలి దిగింది. పానా తెచ్చి రాట్నం ముందు కూర్చొని నట్టు తిప్పడం మొదలుపెట్టింది.

"అగో! పిచ్చిలేసిందా? నా మగ్గమెట్ల నడవాలె?"

"రాట్నానికి ఇంకో చక్రం తెచ్చుకో," అంది తలెత్తకుండా. "తెచ్చుకున్నంక కండెలు కూడ నువ్వే సుట్టుకో. ఇప్పుడైతే జర గట్టిగ పట్టుకో, ఊగుతాంది."

ఎల్లేశం పట్టుకోలేదు. ఆమె చీర మోకాళ్ల పైదాకా ఎగదోసి, చక్రాన్ని రెండు తొడల మధ్య బిగించింది. చక్రం కదల్లేదు.